గీత మీద నడిచినవాళ్లు

రంగమ్మ దవాఖానలో చీటీలు రాసే సిద్దిరాములు నోరు మంచిది కాదని వరంగల్‌లో సగం మందికి తెలుసు. పొద్దున ఎనిమిదింటికి అతను కిటికీ తెరిచేసరికి నర్సంపేట మొదటి బస్సు దిగినవాళ్లు, పరకాల నుంచి లారీల మీద వచ్చినవాళ్లు గోడ వెంట బారుగా కూర్చుని ఉండేవారు. చీటీ చేతికిచ్చాక ఎవరైనా ఎటు పోవాలని అడిగితే తల ఎత్తకుండానే పైనున్న బోర్డుల వైపు కలం చూపించేవాడు. అంత పెద్దగా రాసి పెట్టినం, కండ్లు లేవా అనేవాడు. కళ్లు కనపడకనే కంటి డాక్టరు కోసం వచ్చిన ఒక ముసలవ్వను కూడా అదే మాట అన్నాడు. వరుసలోవాళ్లు నవ్వారు. ఆమెకూ నవ్వక తప్పలేదు.

అది డెబ్బై మూడో సంవత్సరం. సిద్దిరాములుకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టి, మెట్రిక్ గట్టెక్కి, మగ్గం గుంట తప్పించుకుని సర్కారు కొలువు పట్టినవాడు. తన తెలివి మీద అతనికి గురి. తెలివి లేనివాళ్ల మీద కోపం.

ఆ యేడు వానకాలంలో సమ్మమ్మ అనే కూలిమనిషి జ్వరంతో కాలిపోతున్న పిల్లను ఎత్తుకుని వచ్చింది. సిద్దిరాములు చీటీ రాసిచ్చి బోర్డు చూపించాడు. ఆమె వెళ్లి గాయాలకు కట్లు కట్టే గది ముందు నిలబడింది. రెండు గంటలు నిలబడింది. తన వంతు వచ్చాక అక్కడి నర్సు ఇది కాదని ఇంకో గదికి పంపింది. అప్పటికి పిల్లకు ఫిట్సు మొదలయ్యాయి. మధ్యాహ్నం పిల్ల చచ్చిపోయింది. ఎవరూ సిద్దిరాములును ఒక్క మాట అనలేదు. సాయంత్రం కిటికీ మూసే వేళకు సమ్మమ్మే వచ్చి, చెమటకు నానిన చీటీని కమ్మీల మధ్య నుంచి లోపలికి చాపింది.

"సారూ, ఇది వాపస్ ఇయ్యాలెనా?"

అక్కరలేదన్నాడు. ఆమె దాన్ని మడిచి కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు చౌరస్తా దగ్గర పాత కాగితాల దుకాణంలో అతనికి ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. లోపల బొమ్మలుండబట్టి తీసుకున్నాడు. యంత్రాల పిడులు, గడియారపు ముళ్లు, కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి ఎంత దూరం అందుతుందో చూపే గీతలు. అతనికొచ్చిన ఇంగ్లీషు చీటీల మీద రోగాల పేర్లు రాసేంత. బావమరిది దగ్గర నిఘంటువు అడిగి తెచ్చుకుని, రోజూ కిటికీ తెరవడానికి గంట ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని చదివేవాడు. మొదటి పేజీకి నాలుగు రోజులు పట్టింది. అర్థమైనంత మేరకు పాత రిజిస్టరు వెనుక తెలుగులో రాసుకునేవాడు.

అందులో ఒక కార్ఖానా కథ ఉంది. ఒక యంత్రానికి పక్కపక్కనే రెండు పిడులు, రెండూ ఒకే తీరు. ఒకటి నడిపేది, ఒకటి ఆపేది. కూలీలు ఒకదానికి బదులు ఇంకొకటి లాగి వేళ్లు పోగొట్టుకునేవారు. యజమాని వాళ్ల బుర్ర తక్కువని తిట్టి జుర్మానా వేసేవాడు. పన్నెండేళ్లు అట్లాగే నడిచింది. చివరికి ఒక మేస్త్రీ ఆపే పిడికి గుండ్రని కట్టె ఉండ బిగించాడు. ఆ రోజు నుంచి ఒక్క వేలు తెగలేదు. మనిషి తప్పు చేస్తే ముందు అతని బుర్ర వైపు కాదు, అతని ముందు పెట్టిన వస్తువు వైపు చూడమని ఆ పుస్తకం చెప్పేది. ఈ మాట రాసుకున్న రోజు సిద్దిరాములు కిటికీ పావుగంట ఆలస్యంగా తెరిచాడు. నౌకరు సారయ్య వచ్చి పిలిచేదాకా తలెత్తి తన బోర్డులనే చూస్తూ కూర్చున్నాడు.

వస్తువు చేసేవాడు దాన్ని వాడేవాడి చోట కూర్చోవాలని ఇంకో చోట ఉంది. అది చదివి ఒక రోజు సెలవు పెట్టాడు. మాసిన ధోతి కట్టి, తలకు తువ్వాల చుట్టి, తన దవాఖానకే రోగిలా వచ్చి బారులో కూర్చున్నాడు. సారయ్య అతణ్ణి గుర్తుపట్టక భుజం పట్టి వెనక్కి నెట్టాడు. ఆరేళ్లుగా రోజూ కలిసి చాయ్ తాగే మనిషి.

బారులో అతని పక్కన పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన రాజమల్లు అనే జీతగాడు ఉన్నాడు. భార్య మొగిలమ్మకు చలిజ్వరం. ఆమె అతని భుజానికి ఒరిగి కళ్లు మూసుకుని ఉంది. సిద్దిరాములు మెల్లగా మాట కలిపి, పైన అన్ని బోర్డులున్నాయి కదా, చదువు రాకపోయినా చెయ్యి బొమ్మలున్నాయి కదా, చూడవెందుకని అడిగాడు. రాజమల్లు అతణ్ణి వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

"తలెత్తి చూస్తె నౌకరోడు ఏంది చూస్తానవ్ అంటడు. తల దించుకుంటె ఎవలేమనరు. నేనైతె కిందికే చూసుకుంట పోత."

సిద్దిరాములు ఆ మాట విన్నాక మిగిలిన రోజంతా జనం కళ్ల వైపే చూశాడు. నిజమే. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడూ నేల వైపే చూస్తున్నాడు. ఆరడుగుల ఎత్తున తను రాయించిన అక్షరాలు ఎవరి కోసమో అతనికే తెలియలేదు.

నేల మీద గీతలు అట్లా వచ్చాయి. అప్పటి పెద్ద డాక్టరును బతిమాలి, స్టోరులో మిగిలిన రంగుల డబ్బాలు తీసుకుని, ఒక ఆదివారం సారయ్యతో కలిసి కిటికీ నుంచి ప్రతి గది గడప దాకా గీతలు గీశాడు. జ్వరాలకు ఎరుపు, ఆడవాళ్లకు నీలం, కళ్లకు పసుపు, మగవాళ్ల కోతలకూ కీళ్లకూ ఆకుపచ్చ. చీటీల అంచులను కొత్తవాడ రంగుల కాగుల్లో ముంచి అవే రంగులు పట్టించాడు. సోమవారం పొద్దున సగం మంది దారి తప్పారు. చిలుకమ్మ అనే ముసలామె కంటి పొరతో వచ్చి ఎముకల గదిలో తేలింది. పచ్చ గీత మీద పొమ్మన్నవు, రెండూ పచ్చయే కద బిడ్డా, ఏ పచ్చ మీద పోవాలె అని అడిగింది. పసుపునూ పచ్చ అనే జనం, ఆకునూ పచ్చ అనే జనం. మునుపటి సిద్దిరాములైతే ఆమెను తిట్టేవాడు. ఇప్పుడు కంటి గీతను తెల్లసున్నంతో మళ్లీ గీసి, వారం రోజులు కిటికీ వదిలి గడపల దగ్గర నిలబడి ఎవరి కాలు ఎక్కడ తడబడుతోందో చూసి సరిచేశాడు.

నెల తిరిగేసరికి దవాఖానలో అరుపులు తగ్గాయి. రాజమల్లు మందు కోసం మళ్లీ వచ్చి, బారులో తన పక్కన కూర్చున్న తువ్వాల మనిషి ఎవరో తెలుసుకుని కడుపుబ్బ నవ్వాడు. అప్పటి నుంచి వరంగల్ వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గరికి వచ్చేవాడు. సారూ అన్నవాడు అన్నా అనడం మొదలుపెట్టాడు. జొన్న కంకులో, తంపటి చేసిన పల్లికాయలో తెచ్చేవాడు. ఒకసారి మొగిలమ్మను కొత్తవాడకు తీసుకొచ్చి సిద్దిరాములు భార్య సరోజనకు చూపించాడు. వాళ్లకు ఒక ఆడపిల్ల పుట్టి రెండేళ్లకు తట్టు పోసి పోయింది. ఆ తర్వాత కడుపు నిలవలేదు. ఆ సంగతి మొగిలమ్మ సరోజనకు చెప్పుకుని ఏడ్చింది.

ఎమర్జెన్సీ వచ్చిన మరుసటి యేడు పెద్ద డాక్టరు మారాడు. కొత్తాయనకు పైనుంచి నెలకు ఇన్ని ఆపరేషన్లని లెక్క వచ్చింది. దవాఖాన వెనుక గదిలో కుటుంబ నియంత్రణ క్యాంపు పెట్టారు. గది మీద ఎర్ర త్రికోణం బోర్డు. జనం గడప దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేవారు. ఒక రోజు కొత్త డాక్టరు సిద్దిరాములును తన గదికి పిలిచి కూర్చోమన్నాడు. కొలువులో చేరిన తొమ్మిదేళ్లలో అతణ్ణి కుర్చీలో కూర్చోమన్న అధికారి ఆయనే.

"ఆ గీతలు నువ్వే గీశావటగా. జనం ఎక్కడ ఆగిపోతున్నారో చూసి చెప్పు సిద్దిరాములూ. వాళ్లు ఆగకుండా చూడు. అంతే."

మోసం చెయ్యమని ఆయన అనలేదు. ఆ మాట అనకపోవడం ఆ తర్వాత చాలా ఏళ్లు సిద్దిరాములుకు అక్కరకొచ్చింది.

రెండు రోజులు క్యాంపు గది ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పుస్తకం చెప్పినట్టే మనుషుల ముఖాలు కాదు, కాళ్లు చూశాడు. కాళ్లు మూడు చోట్ల ఆగుతున్నాయి. ఎర్ర త్రికోణం కనబడగానే ఒకసారి. ఆపరేషన్ చేయించుకుని కాళ్లు ఎడంగా వేసుకుంటూ అదే గుమ్మం నుంచి బయటకు వచ్చేవాళ్లు ఎదురుపడినప్పుడు ఇంకోసారి. లోపల కంపౌండరు పిల్లలెందరని అడిగి ఒప్పుకోలు కాగితం చదివి వినిపించినప్పుడు మూడోసారి. ఆ మూడోచోట ఆగినవాళ్లలో సగం మంది లేచి పోతున్నారు.

ఒక్కొక్కటే తీసేశాడు. త్రికోణం బోర్డు దించేయించాడు. బయటకు పోవడానికి వెనుక గోడకు వేరే తలుపు పెట్టించాడు. ఒప్పుకోలును చీటీ వెనుక సన్నని అక్షరాలతో అచ్చు వేయించి, వేలిముద్ర కిటికీ దగ్గరే తీసుకునేట్టు చేశాడు. కిటికీ దగ్గర ఎవరూ ఎందుకని అడగరు, బొటనవేలు వాళ్లే ముందుకు చాపుతారు. పిల్లలెందరు అనే ప్రశ్న అనుమానం పుట్టిస్తోంది కనుక దాన్నీ తీసేసి, ఆకుపచ్చ అంచు చీటీ మీద ఇద్దరికంటె ఎక్కువ అని ముందే అచ్చు కొట్టించాడు. అంతమంది పిల్లలు లేనివాళ్లుంటే ఆ మాటను లోపలివాళ్లు కొట్టేస్తారని చెప్పాడు. చివరగా ఆకుపచ్చ గీతను కీళ్ల గది ముందు నుంచి వంచి వెనుక గదిలోకి తీసుకుపోయాడు. లోపల డాక్టర్లు ఎట్లాగూ చెప్తారు కదా అనుకున్నాడు. లోపల డాక్టర్లు, చీటీ మీద వేలిముద్ర ఉంది కాబట్టి బయట చెప్పే ఉంటారనుకున్నారు. చెప్పలేదని తెలిసినవాళ్లు తెలియనట్టున్నారు.

ఈసారి ఆ గీత మీద అతను తువ్వాల చుట్టుకుని నడిచి చూడలేదు.

క్యాంపు లెక్క నెలలో నాలుగింతలైంది. కొత్త డాక్టరు అందరి ముందు అతనికి ప్రశంసాపత్రం ఇచ్చాడు. మిగతా దవాఖానల్లో కూడా ఇట్లాగే చెయ్యమని అతణ్ణి పంపాడు. దసరా వెళ్లాక సిద్దిరాములు వారం రోజులు ములుగులో ఉండి అక్కడ గీతలు గీయించాడు.

ఆ వారంలోనే రాజమల్లు, మొగిలమ్మ వచ్చారు. పిల్లలు కలగడం లేదని చూపించుకోవడానికి వచ్చారు. లేడీ డాక్టరు మొగిలమ్మను చూసి ఆమెలో లోపమేమీ కనబడలేదని, మొగుణ్ణి కూడా పరీక్ష చేయించమని పంపింది. కిటికీలో ఉన్న కొత్త గుమాస్తా మగవాళ్ల సంగతి అనగానే ఆకుపచ్చ అంచు చీటీ తీసి, వేలిముద్ర వేయించుకుని ఇచ్చాడు.

సిద్దిరాములు తిరిగొచ్చిన రోజే రాజమల్లు కట్టు విప్పించుకోవడానికి వచ్చాడు. చంకలో కోడిపుంజు, భుజం మీద క్యాంపులో సర్కారు ఇచ్చే కొత్త దుప్పటి. నడక ఎడంగా ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. కిటికీ కమ్మీలు పట్టుకుని లోపలికి వంగి మెల్లగా చెప్పాడు.

"లోపం నాదేనట అన్నా. చిన్న ఆపరేషన్ చేసిన్లు, పావుగంట పట్టలే. ఎవల్నీ ఒక్కమాట అడిగే పని పడలే. నీ గీత మీద పోయిన, పని చేయించుకొని వచ్చిన. ఇగ పిల్లలైతరు గద?"

సిద్దిరాములు అతను చాపిన చీటీ వైపు చూశాడు. ఇద్దరికంటె ఎక్కువ అన్న అచ్చు అక్షరాలు. పక్కన నల్లని బొటనవేలు. వెనుక బారులో నలభై మంది ఉన్నారు. అప్పుడే చెప్పి ఉండవచ్చు. బయటకు పిలిచి చాయ్ తాగించి చెప్పి ఉండవచ్చు.

"మంచిగైతది, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఆ పుంజును సరోజన ఆ సాయంత్రం కూర వండింది. అతను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

మరుసటి యేడు ఎన్నికలయ్యి ఢిల్లీలో సర్కారు మారింది. క్యాంపుల మీద విచారణ అని ఒక ఆఫీసరు వచ్చి మూడు రోజులు చీటీల కట్టలు విప్పి చూశాడు. ప్రతి చీటీ మీద వేలిముద్ర ఉంది, ఒప్పుకోలు ఉంది, పిల్లల లెక్క ఉంది. ఇంత శుభ్రంగా కాగితాలు ఏ దవాఖానలోనూ లేవని ఆఫీసరు మెచ్చుకున్నాడు. ఫిర్యాదులేమైనా వచ్చాయా అని సిద్దిరాములును అడిగితే రాలేదన్నాడు. పెద్ద డాక్టరు బదిలీ అయిపోయాడు. ఆకుపచ్చ గీతను మళ్లీ కీళ్ల గదికి మళ్లించారు. సిద్దిరాములే దగ్గరుండి గీయించాడు.

ఎండలు ముదిరాక రాజమల్లు వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. తల్లి పోరు పడలేక మొగిలమ్మను నర్సంపేట దగ్గర ఆమె పుట్టింటికి పంపించేశానని, వచ్చే గురువారం తనకు ఇంకో పెళ్లని, అన్న రావాలని పిలిచాడు. పిల్ల పేరు అరుణ, పదిహేడేళ్లు.

సిద్దిరాములు అతణ్ణి దవాఖాన వెనక్కి, నీళ్ల ట్యాంకు చాటుకు తీసుకుపోయి చెప్పాడు. జరిగిందంతా చెప్పలేదు. పొరపాటున పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ జరిగిందని చెప్పాడు. చీటీ ఎవరు చేశారో, గీత ఎవరు వంచారో రాజమల్లు అడగలేదు. నేల వైపే చూస్తూ, మళ్లీ అతికించవచ్చునా అని ఒక్కటే అడిగాడు. అతికినా ఫలితం ఉండటం కష్టమని డాక్టర్లంటారని సిద్దిరాములు చెప్పాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

లేదన్నాడు.

"చెప్పకు. లోపం మొగిలమ్మదే అని ఊరంత అంటాంది. అననీ. ఆపరేషన్ అయినోడని నన్ను ఎక్కిరిస్తె నేను బతుకలేను."

"మరి పెండ్లి?"

"ఆపితె ఎందుకాపినవని అడుగుతరు గద."

ఆ గురువారం పెళ్లి జరిగింది. సిద్దిరాములు పోలేదు.

సరోజనకు చెప్పింది ఆ తర్వాత పదిహేను రోజులకు. ఆమె వాకిట్లో కూర్చుని జంపఖానా కొసలకు ముళ్లు వేస్తోంది. అతను మొదటి నుంచి చెప్పాడు. పుస్తకం, తువ్వాల, మూడు చోట్ల ఆగిన కాళ్లు, ములుగు, కోడిపుంజు, ట్యాంకు చాటున మాటలు. ఆమె చేతులు ఆపకుండానే విన్నది. అన్నీ అయ్యాక ఒక్కటి అడిగింది.

"పిల్లలెందరని అడుగుడు ఎందుకు బంద్ చేసినవ్?"

"అడిగితె ఆగుతాన్లు. అందుకని."

"ఆగాలెననే గద అడిగేది" అన్నది సరోజన.

అతను చదివిన పుస్తకంలో ఆ మాట ఎక్కడా కనబడలేదు. ఉన్నా ఆ పేజీ నిఘంటువు పెట్టుకుని చదవలేదేమో.

పోయి మొగిలమ్మకు నిజం చెప్పి రమ్మని ఆమె అన్నది. పోలేనన్నాడు. రాజమల్లుకు మాట ఇచ్చానన్నాడు. సరోజన మరుసటి పొద్దున తనే నర్సంపేట బస్సెక్కింది. ఆ రోజు సిద్దిరాములు కిటికీ దగ్గర ఇద్దరికి తప్పు చీటీలు ఇచ్చాడు. దీపాలు పెట్టేవేళకు ఆమె తిరిగొచ్చి, సంచి గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కుని పొయ్యి ముట్టించింది. అతను గడపలో నిలబడి ఎదురుచూశాడు. చివరికి తనే అడిగాడు.

"ఏమన్నది?"

"నీకు చెప్పద్దన్నది."

ఇంకో రెండుసార్లు అడిగాడు ఆ వారంలో. అదే జవాబు. ఆ తర్వాత వాళ్లిద్దరూ అదే ఇంట్లో ఉన్నారు, ఇద్దరు పిల్లలను పెంచారు, పెళ్లిళ్లకూ చావులకూ కలిసే వెళ్లారు. కానీ అతనికి వడ్డించి ఎదురుగా కూర్చునే అలవాటు సరోజనకు పోయింది. అతను తిని లేచాక తినేది.

అరుణకు కూడా పిల్లలు పుట్టలేదు. మూడేళ్లకు ఆమెనూ పుట్టింటికి పంపారని పరకాల నుంచి వచ్చే రోగులెవరో చెప్పారు. సిద్దిరాములు హెడ్‌గుమాస్తా అయ్యాడు. కొత్త ఫారాలు ఏవి వచ్చినా ముందు అతనికే చూపించేవారు.

ఎనభై మూడులో ఏదో పని మీద నర్సంపేట వెళ్లి, తిరుగు బస్సు కోసం నిలబడి ఉండగా మొగిలమ్మ కనబడింది. బస్టాండు గోడ వారన గోనె పరిచి ఎండుమిరపకాయలు అమ్ముతోంది. జుట్టు నెరిసింది. అతను చూపు తప్పించేలోగానే ఆమె గుర్తుపట్టింది. కోపం లేదు, నవ్వూ లేదు.

"మంచిగున్నవా సారూ? సరోజనక్క మంచిగున్నదా?"

ఉన్నదన్నాడు. ఆమె ఇంకేదో అంటుందని నిలబడ్డాడు. తిట్టినా బాగుండుననిపించింది. ఎవరో వచ్చి పావుకిలో మిరప అడిగారు. మొగిలమ్మ అటు తిరిగి తక్కెడ ఎత్తి తూచడం మొదలుపెట్టింది. తూచి, పొట్లం కట్టి ఇచ్చి, ఇంకొకరికి తూచింది. ఆమె మళ్లీ ఇటు చూడకముందే వరంగల్ బస్సు వచ్చింది. కండక్టరు అరుస్తుంటే అతను ఎక్కి కూర్చున్నాడు.